రేసు దిగని బండి

తొంభైల నడుమ విశాఖ ఏజెన్సీలో ఆరోగ్యశాఖ పని మీద తిరిగేవాళ్లకు బండి అంటే ఎక్కువగా రెండే. ఒకటి రాజ్‌దూత్, రెండోది యమహా ఆర్‌ఎక్స్ 100. తారు రోడ్డు దిగితే ఎర్రమట్టి బాట, బాట చివర గెడ్డ, గెడ్డ అవతల రాళ్లు తేలిన కాలిదారి. జీపు వెళ్లలేని చోటుకి ఈ బండ్లు వెళ్లేవి. అవి కూడా ఆగిపోయిన చోట నుంచి మేం నడిచేవాళ్లం.

నేను చింతపల్లిలో ఉండేవాణ్ణి. నా ఆర్‌ఎక్స్ అప్పటికే చేతులు మారి వచ్చిన బండి. ఇంజిను 98 సీసీ, బలం 11 హార్స్‌పవర్, బరువు నూరు కిలోలకి కాస్త పైన. రాజ్‌దూత్‌ది 173 సీసీ ఇంజినే అయినా బలం ఏడున్నర హార్స్‌పవరే. బురదలో దిగబడితే ఆర్‌ఎక్స్‌ని ఇద్దరం లేపి పక్కకు పెట్టగలం, గెడ్డలో నీళ్లు మోకాలి దాకా ఉంటే కర్రకు కట్టి నలుగురు దాటించగలరు. గూడెంలో కుర్రాళ్లు ఈ పని పండగలా చేసేవారు. వెనక చక్రానికి గుబ్బల టైరు వేయించాను. ముందు మడ్‌గార్డుకీ టైరుకీ నడుమ మట్టి ఇరుక్కుని చక్రం తిరగడం మానేస్తోందని దాన్ని నాలుగు వేళ్లు పైకెత్తి బిగించాం. ఫ్యాక్టరీ దాన్ని ఊళ్లో రోడ్ల కోసం చేసింది. కొండ బాట బండిగా మార్చింది మా అవసరం.

మెకానిక్ నర్సీపట్నంలో ఉండేవాడు. డౌనూరు దాటి ఘాటెక్కి లంబసింగి మీదుగా వెళ్తే నేనుండే చోటు, ఘాటు దిగితే ఆయన రేకుల షెడ్డు. వయసులో నాకంటే చాలా పెద్ద. నేను బాబాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను గురువుగారూ అనేవాడు. ఆయన దగ్గర నాకు నచ్చిందేమిటంటే, స్పానరు పట్టుకునే ముందు అడిగేవాడు. బండి చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఎక్కుడులోనా, దిగుడులోనా? చోక్ లాగితే బాగుపడిందా, చచ్చిపోయిందా? ఈ మూడింటికీ జవాబు చెప్పలేనివాడి బండి ఆయన విప్పేవాడు కాదు. "పోయి ఓ రెండు రోజులు తోలి సూసి రండి" అని పంపేసేవాడు. రోగి చెప్పేది వినకుండా మందు రాసే డాక్టర్లను చూసిన నాకు ఆయన పద్ధతి మీద గురి కుదిరింది.

కార్బొరేటర్ లోపల ఏముందో నేను మొదటిసారి చూసింది ఆయన బల్ల మీదే. మికూనీ వీఎం 20. ఆ 20 అంటే గాలి పోయే గొట్టం నోరు 20 మిల్లీమీటర్లు. పాత స్టీలు పళ్లెంలో పెట్రోలు పోసి ఒక్కొక్కటే విప్పి పెట్టాడు. రేసు తిప్పితే పైకి లేచే స్లైడు, దాని నుంచి కిందికి వేలాడే ఇత్తడి సూది, సూది తల దగ్గర గీతల్లో కూర్చునే చిన్న క్లిప్పు, అడుగున పెద్ద జెట్టు, పక్కన చిన్న జెట్టు, తొట్టిలో తేలే ఫ్లోటు. చిన్న జెట్టుని దీపానికి ఎదురుగా ఎత్తి ఒక కన్ను మూసి నన్ను చూడమన్నాడు. వెలుగు సూది మొనంత చుక్కగా కనిపించింది. ఆ చుక్క చుట్టూ గోధుమరంగు జిగురు పట్టి ఉంది. బండి నిలబెట్టేసినప్పుడు తొట్టిలోని పెట్రోలు ఆవిరైపోయి వెనక మిగిలిపోయే జిగురు అది. క్లచ్ వైరు పోగుతో పొడిస్తే ఇనుము ఇత్తడిని గీకేసి రంధ్రం పెద్దదైపోతుందని, కరెంటు తీగలోని సన్నటి రాగి పోగు ఒక్కటి తీసి దాంతో పొడిచి, సైకిలు పంపుతో గాలి కొట్టాడు.

తర్వాత నా కిట్టులోంచి అంటించే ప్లాస్టరు అడిగి తీసుకుని, రేసు పట్టే పిడి మీద ఒక ముక్క, పక్కన కదలని చోట ఒక ముక్క అంటించాడు. రేసు మూసినప్పుడు, పావు తిప్పినప్పుడు, సగం, ముప్పావు, పూర్తిగా తిప్పినప్పుడు ఎక్కడికి వస్తుందో పెన్నుతో గీతలు పెట్టాడు. మిస్సింగు ఏ గీత దగ్గర వస్తోందో చూసి చెప్పమన్నాడు. మొదటి పావు దాకా చిన్న జెట్టుదీ గాలి స్క్రూదీ పెత్తనం. పావు నుంచి ముప్పావు దాకా సూదిది. ఆపైన పెద్ద జెట్టుది. అంతకు ముందు "బండి సరిగా లాగడం లేదు" అని మాత్రమే చెప్పగలిగిన నేను, ఆ ప్లాస్టరు పుణ్యమా అని "సగం గీత దగ్గర తడబడుతోంది, దాటితే బాగుంది" అని చెప్పడం నేర్చుకున్నాను.

1995 వానాకాలం మొదలయ్యాక బండి వింతగా ఆగిపోయేది. ఏడెనిమిది కిలోమీటర్లు చక్కగా వెళ్లేది, తర్వాత ఆయాసపడి ఆగేది. పక్కన పెట్టి కాసేపు కూర్చుంటే మళ్లీ స్టార్టయ్యేది, మళ్లీ అంతే దూరం. తోటి ఉద్యోగులు కార్బొరేటర్ అన్నారు, ప్లగ్గు అన్నారు. నేను గెడ్డ ఒడ్డున పెట్రోలు ఎంత ఉందో చూద్దామని ట్యాంకు మూత తిప్పితే ఉస్సుమంటూ గాలి లోపలికి పోయింది. మూతకు ఉండే సన్నటి గాలి రంధ్రంలో ఎర్రమట్టి గట్టిపడిపోయింది. పెట్రోలు కిందికి దిగినకొద్దీ ట్యాంకులో ఆ జాగా నింపడానికి గాలి రావాలి. రాకపోతే కొంతసేపటికి పెట్రోలు దిగడం మానేస్తుంది. ఆగి కూర్చున్నంత సేపట్లో ఎక్కడో సందులోంచి కాస్త గాలి చేరితే మళ్లీ దిగుతుంది. పిన్నీసుతో ఆ మట్టి తీసేస్తే ఆ జబ్బు వదిలింది. కొండ బాటల్లో తిరిగే పాత బండ్లకు ఇది ఎంత మామూలో చెప్పలేను. ఆ తర్వాత ఎవరి బండి ఆగినా ముందు మూత తిప్పి చెవి పెట్టి వినేవాణ్ణి.

పెట్రోలు సంగతి వేరే కథ. బంకు నర్సీపట్నంలో. పైన కిరాణా కొట్లలో సీసాల్లో దొరికేది. అందులో కిరసనాయిలు కలవని సీసా కోసం వెతుక్కోవాలి. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేస్తే మంచి పెట్రోలు ఆరిపోయి మచ్చ మిగలదు, కిరసనాయిలు కలిస్తే నూనె మరక నిలుస్తుంది. ఎక్కుడులో ఇంజిను కటకటమంటే కల్తీ అని తెలిసిపోయేది. వానల్లో సీసా మూతల్లోంచి నీళ్లూ దిగేవి. కార్బొరేటర్ తొట్టి విప్పి పళ్లెంలో వంచితే అడుగున నీళ్లు గుండ్రటి బొట్లుగా విడిగా దొర్లేవి. ఆ బొట్టు ఒక్కటి జెట్టు నోటికి అడ్డం పడితే చాలు, బండి ఉన్నచోట ఆగిపోతుంది.

ఇవన్నీ దాటుకుంటూ వస్తే నవంబరులో అసలు జబ్బు మొదలైంది. రేసు వదిలేసినా ఇంజిను వెంటనే దిగేది కాదు. కాసేపు అలాగే గుయ్యిమని అరిచి, తర్వాత నెమ్మదిగా దిగేది. స్లో సెట్ చేస్తే ఉదయం ఒకలా, మధ్యాహ్నం ఒకలా. పెద్ద ఎక్కుడులో మూడో గేరులో లాగుతూ లాగుతూ ఒక్కసారి మెత్తబడిపోయేది. అప్పుడు చోక్ సగం లాగితే విచిత్రంగా బలం తిరిగొచ్చేది.

ఘాటు కింద ఇంకో పట్టణంలో, మా బాబాయ్ ఊళ్లో లేని రోజున, ఒక షెడ్డులో చూపించాను. కార్బొరేటర్ విప్పి, కడిగి, పెద్ద జెట్టు తీసేసి అంతకంటే పెద్ద నంబరుది బిగించారు. ఫుల్ రేసులో కాస్త మెరుగైంది. రేసు దిగకపోవడం మాత్రం అలాగే ఉంది. తోటివాళ్లలో ఒకరు ట్యాంకులో కూడా టూటీ ఆయిలు కలిపి పోయమన్నారు, ఇంజిను చల్లగా ఉంటుందని. ఆర్‌ఎక్స్‌లో ఆయిలుకి వేరే ట్యాంకు, వేరే పంపు ఉంటాయి. రాజ్‌దూత్‌లో పెట్రోల్లోనే కలిపి పోసేవాళ్లం. ఆ అలవాటు మీద ఇచ్చిన సలహా అది.

డిసెంబరు 9న దేశమంతటా మొదటిసారి పల్స్ పోలియో. మూడేళ్ల లోపు పిల్లలందరికీ ఒకే రోజు చుక్కలు. వ్యాక్సిన్ క్యారియర్‌లో నాలుగు ఐస్ ప్యాకులు సర్ది, సీసాలు నడుమ పెట్టి, పట్టీ భుజానికి వేసుకుని తెల్లవారకముందే బయల్దేరాను. పోలియో మందు వేడికి తట్టుకోదు. మంచు కరిగిపోతే దాని బలం తగ్గిపోతూ వస్తుంది. లంబసింగి వైపు పొగమంచు దట్టంగా ఉంది, చేతివేళ్లు బ్రేకు మీద వంగడం లేదు. మొదటి రెండు గూడేలు బాగానే అయ్యాయి. మూడో గూడేనికి ఎక్కే బాటలో బండి మెత్తబడింది. చోక్ లాగాను, కోలుకుంది, మళ్లీ మెత్తబడింది. ఇంజిను శబ్దంలో పొడి గరగర వినపడింది. పిస్టను పట్టేసే ముందు వచ్చే శబ్దం అదని విని ఉన్నాను. వెంటనే క్లచ్ పట్టి ఆపేశాను. బండి చింతచెట్టు కింద వదిలేసి, క్యారియర్ భుజాన వేసుకుని నడక. గూడెంలో తల్లులు పొద్దుటి నుంచీ పిల్లల్ని ఎత్తుకుని అరుగుల మీద కూర్చుని ఉన్నారు. "డాక్టర్ బాబు రాడేమో అనుకున్నాం" అంది ఒక ముసలమ్మ. చోడి అంబలి ఇచ్చారు. చుక్కలు వేస్తున్నంత సేపూ క్యారియర్ మూత ఎన్నిసార్లు తీయాల్సి వస్తోందో అనే ధ్యాస. అవతలి గూడేలకీ నడిచే వెళ్లి పూర్తి చేసేసరికి చీకటి పడింది.

రెండో విడత జనవరి 20న. ఈలోపు బండి బాగుపడాలి.

చల్లబడిన ఇంజిను స్టార్టయింది. మర్నాడు మెల్లగా తోలుకుంటూ ఘాటు దిగి నర్సీపట్నం చేరాను. దిగేటప్పుడు రేసు మూసేసి గేరు మీద వదలొద్దని బాబాయ్ ఎప్పుడూ చెప్పేవాడు. పెట్రోల్లో ఆయిలు కలిపి పోసే రాజ్‌దూత్‌లకైతే అది ప్రాణాంతకం. రేసు మూస్తే పెట్రోలు రాదు, పెట్రోలు రాకపోతే ఆయిలూ రాదు, ఇంజిను మాత్రం చక్రం తిప్పినంత వేగంగా తిరుగుతూనే ఉంటుంది. ఘాటు అడుగున పిస్టను పట్టేసిన రాజ్‌దూత్‌లు చాలా చూశాను. ఆర్‌ఎక్స్‌కు పంపు ఉంది కాబట్టి కొంత నయం. అయినా మధ్యమధ్య క్లచ్ పట్టి కాస్త రేసు ఇస్తూ దిగాను.

బాబాయ్ మూడు ప్రశ్నలూ అడిగాడు. జవాబులు విని ప్లగ్గు విప్పాడు. మైకో ప్లగ్గు మొన చుట్టూ పింగాణీ తెల్లగా సున్నం వేసినట్టు ఉంది. సరిగా నడిచే బండిదైతే బిస్కట్టు రంగులో ఉంటుంది. పెట్రోలు ఎక్కువైతే నల్లగా తడిగా ఉంటుంది. తెలుపంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ, ఇంజినులో వేడి ఎక్కువ.

"ఇది ఎక్కడ ఎక్కినప్పుడు ఇలగైంది?" అన్నాడు.

"లంబసింగి అవతల."

ఆయన ప్లగ్గుని అటూ ఇటూ తిప్పి చూసి, "పైన నల్లబడాలి గదా గురువుగారూ" అన్నాడు.

ఆ ఒక్క మాటతో లెక్క తేలింది. లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి ఒత్తిడి కిందికంటే దాదాపు పదో వంతు తక్కువ. జెట్టు రంధ్రం మాత్రం అదే. కింద సరిపోయిన బండికి పైన పెట్రోలు ఎక్కువై, ప్లగ్గు నల్లబడి, శబ్దం బరువెక్కాలి. చలికాలపు గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి అది కొంత సరిపెట్టినా ప్లగ్గుని ఇంత తెల్లగా చేయలేదు. పైగా ఆ షెడ్డువాళ్లు పెద్ద జెట్టు కూడా వేశారు. అయినా తెల్లగా ఉందంటే కార్బొరేటర్‌కి సంబంధం లేని దారిలో గాలి లోపలికి వస్తోందన్నమాట. ట్యాంకులో అదనంగా ఆయిలు పోయమన్న సలహా గురించి చెబితే గట్టిగా తల అడ్డంగా ఊపాడు. జెట్టులోంచి వచ్చేది కొలత ప్రకారం వస్తుంది. అందులో ఆయిలు పాలు పెరిగితే పెట్రోలు పాలు తగ్గుతుంది. గాలి ఎక్కువైన బండికి అది ఇంకా చెరుపు.

టూ స్ట్రోకు ఇంజినులో గాలీ పెట్రోలూ కార్బొరేటర్ నుంచి నేరుగా పైకి పోవు. ముందు అడుగున క్రాంకు తిరిగే గదిలోకి పోతాయి. పిస్టను పైకి లేచినప్పుడు ఆ గది పీల్చుకుంటుంది, కిందికి దిగినప్పుడు నొక్కి పైకి పంపుతుంది. అంటే ఆ గది కూడా ఊపిరితిత్తే. దానికి ఎక్కడ చిల్లు పడినా దొంగ గాలి చొరబడుతుంది. చొరబడే అవకాశాలు మూడు. కార్బొరేటర్‌ని ఇంజినుకి కలిపే రబ్బరు, సిలిండర్ అడుగునా గది రెండు భాగాలూ కలిసే చోటా ఉండే ప్యాకింగు, క్రాంకు రెండు కొసల్లో ఉండే ఆయిలు సీళ్లు. క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిలు లోపలికి లాగేసుకుని తెల్ల పొగ వస్తుంది, గేరు ఆయిలు తగ్గిపోతుంది. మాకు ఆ లక్షణాలు లేవు.

బాబాయ్ నన్ను సిరంజి అడిగాడు. సూది తీసేసి అందులో కిరసనాయిలు ఎక్కించాడు. పెట్రోలైతే వేడి ఇంజిను మీద, మాగ్నెటో దగ్గర నిప్పంటుకుంటుందని ఒప్పుకోలేదు. బండి స్టార్టు చేసి స్లోలో వదిలి, ముందు రబ్బరు చుట్టూ చుక్కచుక్కగా పోశాడు. శబ్దం మారలేదు. రబ్బరు మడతల్లో వేలుపెట్టి విడదీసి ఇంకోసారి పోశాడు, మారలేదు. సిలిండర్ అడుగు ప్యాకింగు చుట్టూ పోశాడు, మారలేదు. ఎడమవైపు మాగ్నెటో మూత విప్పి, తిరుగుతున్న చక్రం వెనక సందులోకి సిరంజి పెట్టి నొక్కాడు. నొక్కిన మరుక్షణం గుయ్యిమంటున్న శబ్దం బొంగురుపోయి కిందికి జారింది. సైలెన్సర్ నుంచి కిరసనాయిలు వాసనతో పొగ వచ్చింది. ఆపితే మళ్లీ గుయ్యిమంది. నొక్కితే మళ్లీ జారింది. షెడ్డులో కుర్రాళ్లు పనులాపి చూస్తున్నారు. అక్కడ పోసిన నూనె సైలెన్సర్‌లో పొగగా రావాలంటే నడుమ దారి ఉండి తీరాలి.

మాగ్నెటో చక్రాన్ని పుల్లర్ పెట్టి లాగాడు. సుత్తితో కొడితే క్రాంకు కొస పాడవుతుంది. వెనక ప్లేటు తీస్తే సీలు చుట్టూ తడి, ఆ తడికి అంటుకున్న ఎర్రమట్టి. మామూలుగా అక్కడ పొడిగా ఉండాలి. సీలు పెదవి గట్టిపడిపోయింది. నా గోరుతో నొక్కితే చిన్న పెళ్లలా ఊడి వచ్చింది. ఏళ్ల తరబడి గెడ్డల్లో దిగి ఎండిన బండి, ఆ మట్టే దాన్ని అరగదీసింది. కొత్త సీలు విశాఖ నుంచి తెప్పించాలి. బస్సు డ్రైవరు చేత తెప్పించాడు. బిగించే ముందు పెదవికి ఆయిలు రాసి, సరిగ్గా అదే కొలత గుండ్రటి గొట్టం పెట్టి, అంచులన్నీ సమంగా దిగేలా కొద్దికొద్దిగా కొట్టాడు. ఒక పక్క ముందు దిగితే వాలిపోయి మళ్లీ కారుతుంది. రెండు వేళ్లతో చుట్టూ తడిమి చూసి, ఇంకో దెబ్బ వేసి, మళ్లీ తడిమాడు.

తర్వాత షెడ్డువాళ్లు వేసిన పెద్ద జెట్టు తీసేసి పాత నంబరే బిగించాడు. గాలి స్క్రూ పూర్తిగా బిగించి, అక్కడి నుంచి ఒకటిన్నర చుట్టు వదిలి, ఆపైన చెవితో సరిచేశాడు. రేసు ఇచ్చి వదిలితే ఇంజిను ఠపీమని దిగింది. ఆ దిగడం వింటుంటే నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ చెవుల్లో ఉంది. చోక్ సగం లాగి చూపించాడు. ఇప్పుడు బండి బొబ్బొబ్బొమని ముక్కి ఆగిపోబోయింది. ఆరోగ్యంగా ఉన్న బండి వేడి మీద చోక్ భరించదు. నవంబరులో అది చోక్‌తో బలం పుంజుకోవడమే మొదటి సాక్ష్యమని అప్పుడు వివరంగా చెప్పాడు.

తిరుగు ప్రయాణంలో ఘాటు ఎక్కుడు నడుమ, ఫుల్ రేసులో లాగుతుండగా క్లచ్ పట్టి ఇంజిను ఆపి, ప్లగ్గు విప్పి చూశాను. ఆయన అలాగే చేయమన్నాడు. మెల్లగా వచ్చి ఆపితే స్లో రంగు దాన్ని కప్పేస్తుంది. బిస్కట్టు రంగు. లంబసింగి దాటాక మళ్లీ చూస్తే ఒక వన్నె నలుపెక్కింది, ఉండవలసినట్టే. సూది క్లిప్పు ఒక గీత పైకి జరిపితే సూది ఒక మెట్టు కిందికి దిగి పెట్రోలు తగ్గుతుంది. నేను ఎక్కువగా తిరిగేది పైనే కాబట్టి చింతపల్లిలో ఇంటి ముందు కూర్చుని ఆ మార్పు నేనే చేసుకున్నాను.

జనవరి 20న అదే దారి. చింతచెట్టు దగ్గర ఆగలేదు. మూడో గూడేనికి పిల్లలు ఇంకా అరుగుల మీదికి చేరకముందే వెళ్లాను. ముసలమ్మ తన మనవణ్ణి తెచ్చి ముందు కూర్చోబెట్టింది. చీకటి పడకముందే చింతపల్లి చేరి క్యారియర్ తెరిస్తే ఐస్ ప్యాకుల్లో మంచు ఇంకా గట్టిగానే ఉంది.

ఎండాకాలం వచ్చాక బాబాయ్ కబురు పంపాడు, బండి తీసుకురమ్మని. ఒక వైపు సీలు పోయిందంటే రెండో వైపుదీ అదే వయసు, క్లచ్ వైపుది కూడా మార్చేద్దామన్నాడు. విప్పినప్పుడు రీడ్ వాల్వు కూడా చూశాడు. దాని రేకుల్లో ఒకదాని మూల చిట్లి, దీపానికి పెడితే సందు కనిపించింది. పొద్దున్నే స్టార్టు కావడానికి బండి మొండికేస్తోందని నేను చెబుతూ వచ్చిన దానికి కారణం అది. రెండూ మార్చాడు. కార్బొరేటర్‌ని అసలు ముట్టుకోలేదు. పైపైన గుడ్డతో తుడిచి, దాని రబ్బరు క్లిప్పు బిగువు చూసి, పెట్రోలు తెరిచాడు.

ఆ మార్చిలోనే ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగిపోయింది. నాకు బదిలీ అయ్యేదాకా ఆ బండి ఏజెన్సీలో తిరిగింది. తొట్టిలో నీళ్లు వంచుకోవడం, మూతలో మట్టి తీయడం తప్ప కార్బొరేటర్ విప్పవలసిన పని మళ్లీ పడలేదు.